బెల్లం బుట్ట, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి, ఒక పార్కు పుకారు

2024 ఫిబ్రవరి 22, గురువారం. మేడారం జాతర రెండో రోజు. సాయంత్రానికి సమ్మక్క గద్దెకు వస్తుందని ఊళ్లకు ఊళ్లు కదిలిపోయిన రోజు. నాకేమో సెలవు లేదు.

నేను హనుమకొండలో ఉంటాను. ఉద్యోగం జనగామలో, ఏడేళ్లుగా నెల పాసు మీద రైల్లోనే తిరుగుతున్నాను. ఆ రోజు నా బండి వచ్చే ప్లాట్‌ఫారం అవతల ఉంది, నేను ఇవతల ఉన్నాను, మధ్యలో బ్రిడ్జి. సగం మెట్లు ఎక్కానో లేదో అవతల జాతర స్పెషల్ వచ్చి ఆగింది. ఇక చూడండి. ట్రంకు పెట్టెలు, కోళ్లు, నిద్ర కళ్ల పిల్లలు, బియ్యం సంచులు, అన్నీ ఒక్కసారే మెట్లు దిగడం మొదలుపెట్టాయి. నేనొక్కదాన్ని పైకి, వాళ్లు వందల మంది కిందికి. ఒక ముసలామె నెత్తి మీద బుట్టలో బెల్లం దిమ్మలు పెట్టుకుని సరిగ్గా నా ఎదురుగా ఆగింది. "జర జరుగు బిడ్డా, బంగారం ఉన్నది" అంది. జాతరకు పోయేవాళ్లు బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు, తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. గోడకు అతుక్కుని ఎంత జరగాలో అంత జరిగాను. బుట్ట అంచు నా భుజాన్ని రాసుకుంటూ పోయింది, చున్నీకి బెల్లం అంటింది, కింద నా బండి కూత పెట్టి కదిలింది. నేను ఇంకా తొమ్మిదో మెట్టు మీదే ఉన్నాను.

ఆ రోజు గంటన్నర ఆలస్యంగా ఆఫీసుకు పోయాను. మధ్యాహ్నానికి చున్నీకి చీమలు పట్టాయి.

ఎవరినీ తిట్టుకోలేదు. రెండేళ్లకోసారి వచ్చే జాతర, నాలుగు రోజులు ఓపిక పడితే అయిపోతుంది. మా అమ్మ కూడా ఆ మరుసటి రోజు అలాంటి బండిలోనే వచ్చింది కాబట్టి నాకు మాట్లాడే హక్కు కూడా లేదు. కానీ పోయిన నెల మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది: హైదరాబాద్ పోయే దారిలో, రైల్వే లైనుకు దగ్గర్లో, వందల ఎకరాల్లో డిస్నీల్యాండ్ లాంటి పార్కు వస్తోందట, వాటర్ రైడ్లు, హోటళ్లు, రాత్రిపూట లైట్ షో, అన్నీనట. నిజమని నేను నమ్మడం లేదు, ఇలాంటివి ప్లాట్లు అమ్ముడుపోనప్పుడల్లా పుడుతూనే ఉంటాయి. అయినా ఆ మెసేజ్ కింద నూటపది మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం ఆ తొమ్మిదో మెట్టు గుర్తొచ్చింది. జాతర రెండేళ్లకోసారి. పార్కు అయితే ప్రతి శని, ఆదివారాలు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, ఎండాకాలం మొత్తం.

సరే, ఇలాంటివి వచ్చినచోట రైళ్లకు ఏం జరిగిందో చూద్దామని కూర్చున్నాను. తెలియనివి అడగడానికి మా మామ ఉన్నాడు. మా అమ్మ తమ్ముడు, కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని గార్డు అనరు, ట్రైన్ మేనేజర్ అంటారు. "నేను దిగిపోయినంక మేనేజర్‌ను చేసిన్రు" అని ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

ముందు తాజా సంగతి. ఇంగ్లండ్‌లో, లండన్‌కు ఉత్తరాన బెడ్‌ఫర్డ్ అనే ఊరి దగ్గర, పాత ఇటుకల ఫ్యాక్టరీ ఉన్న జాగాలో యూనివర్సల్ అనే హాలీవుడ్ సినిమా కంపెనీ వాళ్లు పెద్ద థీమ్ పార్కు కడతామన్నారు. 2025 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది, 2031లో తెరుస్తారట. మొదటి ఏడాదే 85 లక్షల మంది వస్తారని అంచనా. ఆ పక్కనుంచే మిడ్‌లాండ్ మెయిన్ లైన్ పోతుంది, అంటే వాళ్లకు అది మన ఢిల్లీ-చెన్నై గ్రాండ్ ట్రంక్ రూటు లాంటిదనుకోండి. అక్కడ విక్సమ్స్ అని కొత్తగా కట్టిన కాలనీ ఉంది. ఇళ్లు అమ్మేటప్పుడు స్టేషన్ వస్తుందని చెప్పారు, జనం ఇళ్లు కొనుక్కుని ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఇప్పుడు పార్కు అనేసరికి ఆ చిన్న స్టేషన్‌నే పెద్దది చేస్తామంటున్నారు. ఇల్లు కొన్నవాడి కోసం ఏళ్ల తరబడి నత్తనడక నడిచినది టూరిస్టు పేరు చెప్తే పెద్దదైపోతోంది. ఇది చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే మా కాలనీకి సిటీ బస్సు వస్తుందని చెప్పి కూడా చాలా ఏళ్లయింది.

ఆ 85 లక్షలను నేను కాగితం మీద వేసుకుని చూశాను. 365తో భాగిస్తే రోజుకు 23 వేల చిల్లర. అది సగటు మాత్రమే, ఆదివారాలు దానికి రెండింతలు అనుకున్నా తప్పులేదు. అందులో సగం మందే రైలెక్కారనుకుందాం, పదకొండున్నర వేలు. 24 బోగీల బండి, బోగీకి వంద మంది కూర్చున్నారనుకుంటే 2,400 మంది. అంటే మామూలు రోజు ఐదు నిండు బండ్లు, ఆదివారం పది. రోజంతా పది బండ్లంటే పెద్ద విషయం కాదు, కాజీపేట మీదుగా అంతకు ఎన్నో రెట్లు నడుస్తాయి. చిక్కు ఎక్కడంటే, పొద్దున వచ్చేవాళ్లు ఎనిమిది నుంచి పన్నెండు దాకా తీరిగ్గా వస్తారు, రాత్రి లైట్ షో అయిపోగానే అందరూ ఒకేసారి గేటు దాటుతారు. పది బండ్లూ ఆ తర్వాతి రెండు గంటల్లోనే కావాలి. అంటే పన్నెండు నిమిషాలకు ఒకటి.

మామకు చెప్తే టీ గ్లాసు కింద పెట్టి, "గదే జాతర లెక్క" అన్నాడు. "మేడారం పోయేటప్పుడు జనం రెండు మూడు రోజులు పోతనే ఉంటరు. సమ్మక్క గద్దె మీదికి వచ్చి మొక్కు అప్పజెప్పినంక చూడు, అందరికి ఒక్కసారే ఇల్లు యాదికొస్తది."

మేడారంకు రైలు లేదు కాబట్టి ఆ జనమంతా వంద కిలోమీటర్లు బస్సుల్లో, జీపుల్లో వచ్చి వరంగల్, కాజీపేట స్టేషన్లలో పడతారు. ఒక రకంగా ఆ వంద కిలోమీటర్ల రోడ్డే రైళ్లను కాపాడుతుంది. బస్సులు ఒక్కొక్కటిగా వస్తాయి, పస్రా దగ్గర ఆగుతాయి, ములుగులో ఆగుతాయి, జనం విడతలు విడతలుగా దిగుతారు. అదే గద్దెల పక్కన స్టేషన్ ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా భయమేస్తుంది. పార్కుకు ఆనుకునే స్టేషన్ కావాలని అడిగేవాళ్లు ఈ సంగతి కాస్త ఆలోచించాలి. దగ్గరగా ఉండటం మంచిదే, కానీ గేటుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య జనం ఆగడానికి చోటు ఉండాలి. హాంకాంగ్‌లో ఈ తెలివి చూపించారు. అక్కడ డిస్నీల్యాండ్ 2005 సెప్టెంబర్‌లో తెరిచారు, ఆగస్టులోనే దానికోసం సుమారు మూడున్నర కిలోమీటర్ల విడి లైను వేసి, డ్రైవర్ లేని చిన్న రైలు నడిపారు, కిటికీలు కూడా మిక్కీ మౌస్ ఆకారంలో పెట్టి. పార్కు జనం ఆ చిన్న రైల్లో కొంచెం కొంచెంగా పెద్ద లైను దాకా వస్తారు, రోజూ ఉద్యోగానికి పోయేవాడి ప్లాట్‌ఫారం మీద ఒక్కసారిగా వచ్చి పడరు.

టోక్యో కథ ఇంకా బాగుంటుంది. అక్కడ డిస్నీల్యాండ్ 1983 ఏప్రిల్‌లో తెరిస్తే, పక్కన మైహామా స్టేషన్ వచ్చింది 1988 డిసెంబర్‌లో. ఐదేళ్లకు పైగా జనం వేరే లైన్లో ఉరయాసు అనే స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి బస్సెక్కి పోయారు. ఆ ఉరయాసులో రోజూ రైలెక్కే ఉద్యోగుల పరిస్థితి ఏమిటో ఎవరూ ప్రత్యేకంగా రాసినట్టు నాకు కనబడలేదు గానీ, నాకు ఎవరూ రాసి చెప్పాల్సిన అవసరం లేదు, చున్నీ మీద బెల్లం మరక ఉంది. తర్వాత వచ్చిన కేయో లైను అసలు గూడ్స్ బండ్ల కోసం అనుకున్నది. దాన్నే ప్యాసింజర్ లైనుగా మార్చి, 1990లో టోక్యో స్టేషన్ దాకా తెచ్చారు. అయితే ఆ ప్లాట్‌ఫారాలు భూమి లోపల ఎంతో లోతున, మిగతా వాటికి ఎంతో దూరంగా ఉంటాయి, లైను మారాలంటే నడిచి నడిచి కాళ్లు పడిపోతాయని అక్కడికి పోయొచ్చినవాళ్లంతా అంటారు.

ఆ లైను నడిచే తీరులో ఒక మంచి సంగతి ఉంది. పార్కు ఊరి బయట, సముద్రం వైపు ఉంది. పొద్దున ఉద్యోగులు ఊళ్లోకి వస్తుంటే పార్కుకు పోయేవాళ్లు ఊరి బయటికి పోతారు. అంటే ఉద్యోగులను దింపి ఖాళీగా వెనక్కి పోవాల్సిన రైళ్లలో వీళ్లు ఎక్కుతారు. సాయంత్రం మళ్లీ దానికి తిరగేసి. రైలు వాడికి ఇంతకన్నా లాభం ఏముంటుంది, ఎలాగూ నడపాల్సిన బండే, రెండు వైపులా టికెట్లు.

మొదట ఇది చదివి సంబరపడ్డాను. మనకూ అదే కదా! పొద్దున వరంగల్, కాజీపేట నుంచి హైదరాబాద్ వైపు ఉద్యోగులు, హైదరాబాద్ నుంచి ఇటువైపు పార్కు జనం. ఎదురెదురుగా పోతారు, గొడవ లేదు. ఈ ముక్క మామకు గర్వంగా చెప్పాను.

"మన కాడ ఖాళీగ తిరిగిపోయే లోకల్ బండి ఏదో చూపియ్" అన్నాడు.

నిజమే. ఎంఎంటీఎస్ అనే లోకల్ రైళ్లు ఉన్నది హైదరాబాద్ చుట్టుపక్కలే. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా 33 కిలోమీటర్లు పొడిగిస్తామని 2016లో మంజూరు చేశారు, 2022లో గుడి కొత్తగా కట్టి తెరిచేశారు, గుడి తెరిచేనాటికి లోకల్ రైలు రాలేదు. మన లైను మీద తిరిగేవి ఎక్కువగా దూరం బండ్లు. ఢిల్లీ నుంచి, హౌరా నుంచి, చెన్నై వైపు నుంచి వచ్చేవి, అవి కాజీపేటకు వచ్చేసరికే జనరల్ బోగీ తలుపు దగ్గర కాలు పెట్టే సందు ఉండదు. సికింద్రాబాద్ నుంచి ఇటు బయలుదేరేవి కూడా అంతే, వెయ్యి కిలోమీటర్లు పోయేవాడు ముందే సీటు పట్టుకుని పైన సామాను, కింద పిల్లల్ని సర్దుకుని ఉంటాడు. గంట ప్రయాణానికి పార్కుకు పోయే కాలేజీ పిల్లలు నలభై మంది ఆ బోగీలోనే ఎక్కాలి. టోక్యోలో నడిచిన లెక్క మన దగ్గర నడవదు. కనీసం కాజీపేట, సికింద్రాబాద్ మధ్య అటూ ఇటూ తిరిగే లోకల్ బండ్లు నాలుగైదు ఉంటేనే ఆ ఎదురు దిక్కు లాభం మనకు వస్తుంది.

ఇంకో సంగతి, అది నా సొంత అనుభవం. పట్టాలకు అప్ లైను, డౌన్ లైను అని వేరువేరుగా ఉంటాయి. మెట్లకు ఉండవు. ఎదురు దిక్కు జనం బండిలో నాకు అడ్డం రారు గానీ బ్రిడ్జి మీద వస్తారు. 2017 సెప్టెంబర్‌లో ముంబైలో ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ బ్రిడ్జి మీద తొక్కిసలాటలో 23 మంది పోయారు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్లో కుంభమేళాకు పోయే జనం మెట్ల దగ్గర ఒకరి మీద ఒకరు పడి 18 మంది చనిపోయారు. ఆ రెండుచోట్లా పట్టాలకు ఏమీ కాలేదు, రైళ్లు ఢీకొనలేదు. ఢిల్లీ ఘటన తర్వాత 60 స్టేషన్లలో జనాన్ని బయటే ఆపడానికి శాశ్వత హోల్డింగ్ ఏరియాలు కడతామన్నారు, బ్రిడ్జిలు 12 మీటర్లు, 6 మీటర్ల వెడల్పుతో కొత్త డిజైన్లు చేశామన్నారు. కొత్త పార్కు వస్తోందని ఎవరైనా చెప్తే నేను మొదట అడిగేది ఆ బ్రిడ్జి వెడల్పే.

ఇక బండి ఆపడం. ఇది నాకు అసలు తెలియని సబ్జెక్టు. రోజూ ప్యాసింజర్లు కోరేది ఒక్కటే కదా, మా ఊళ్లో ఫలానా ఎక్స్‌ప్రెస్ ఆపండి అని. రెండు నిమిషాలు ఆపితే ఏం పోతుంది అనుకునేదాన్ని. మామ అరచేయి బల్ల మీద పెట్టి, వేళ్లతో స్టేషన్లు చూపిస్తూ చెప్పాడు. సికింద్రాబాద్, కాజీపేట మధ్య 2022 నుంచి 130 కిలోమీటర్ల స్పీడుకు అనుమతి ఉంది. ఆ స్పీడులో వచ్చే బండి ఆగాలంటే దూరం నుంచే బ్రేకు వేసుకుంటూ రావాలి, ఆగాక మళ్లీ ఆ స్పీడు అందుకోవడానికి కొన్ని కిలోమీటర్లు పడుతుంది. "ఆగేది రెండు నిమిషాలే, పోయేది ఆరేడు నిమిషాలు. అంతసేపు ఆ జాగల ఇంకో బండి పోరాదు. ఎనకొచ్చేదానికి ఎల్లో పడ్తది, దాని ఎనకదానికి రెడ్డు పడ్తది. నువ్వు జనగామల కూసోని బండి లేటు అని తిడ్తవ్, అది యాడనో ముందటి బండి ఆగినందుకు లేటు." పైగా అన్నీ ఒకే స్పీడు బండ్లు కావు. వందే భారత్ పోయే పట్టాల మీదే ప్యాసింజర్ పోవాలి, బొగ్గు బండి పోవాలి. ఒకేలా నడిచే బండ్లయితే ఒకదాని వెనక ఒకటి చాలా పంపొచ్చు, కలగాపులగంగా ఉంటే చాలా తక్కువ పడతాయి. ముంబై లోకల్‌కూ మన లైనుకూ తేడా అక్కడే ఉంది.

పారిస్ డిస్నీల్యాండ్‌ను ఈ కోణంలో చూడండి. 1987లోనే ఫ్రాన్స్ ప్రభుత్వం డిస్నీతో ఒప్పందం చేసుకుంది, అందులో రైలు కూడా ఒక షరతు. ఊళ్లో తిరిగే ఆర్‌ఈఆర్ ఏ లైనును పార్కు దాకా పొడిగించి 1992 ఏప్రిల్ 1న స్టేషన్ తెరిచారు, పార్కు తెరిచింది ఏప్రిల్ 12న. పదకొండు రోజుల ముందు! రెండేళ్లకు టీజీవీ హైస్పీడ్ రైలు కూడా వచ్చింది. అది లైనుకు చివరి స్టేషన్ కావడం వల్ల ఇంకో సుఖం ఉంది, బండి అక్కడే పుడుతుంది, ఎంతమంది ఎక్కినా తలుపులు తీసి నింపుకుని బయలుదేరుతుంది, వెనకనుంచి తోసేవాడు లేడు. కాకపోతే దారి మధ్యలో ఎక్కేవాడికి సీటు ముందే అయిపోతుంది, అది వేరే బాధ. మనకు వచ్చిన పుకారు పార్కు చివర కాదు, నడి లైను మీద. ఢిల్లీకి పోయే దారిలో. అక్కడ లూప్ లైన్లు, అంటే బండిని పక్కకు తప్పించి నిలబెట్టే పట్టాలు, బండి తిప్పుకునే చోటు, అదనపు ప్లాట్‌ఫారాలు లేకుండా ఒక బోర్డు పాతి స్టేషన్ అంటే అందరికీ ఆలస్యమే మిగులుతుంది.

మామకు మాత్రం ప్యాసింజర్ల కన్నా గూడ్స్ మీదే బెంగ. జీవితమంతా గూడ్స్ చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యాన్‌లో, ఏదో ఒక చిన్న స్టేషన్ లూప్ లైన్లో, ఎక్స్‌ప్రెస్‌లు పోయేదాకా ఎదురుచూసిన మనిషి. జాతర రోజుల్లో స్పెషళ్లు పోవాలంటే గూడ్స్ బండ్లను ఎక్కడికక్కడ పక్కన పెడతారట. ఒకసారి తన బండి కదలక, చద్దన్నం డబ్బా అయిపోయి, పక్క ఊరి ఇంట్లో అడిగి జొన్నరొట్టె తిన్నానని చెప్పాడు. "నాలుగు దినాలంటే ఎట్లనో సర్దుకుంటరు. వారం వారం ఆపితే బొగ్గు ఎవడు తెస్తడు? ఆ పార్కుల లైట్లు దేంతోని ఎలుగుతయ్?" సింగరేణి బొగ్గు బండ్లు కూడా ఈ పట్టాల మీదే పోవాలి కాబట్టి దీనికి నా దగ్గర జవాబు లేదు. కాజీపేట నుంచి బల్లార్షా వైపు, విజయవాడ వైపు మూడో లైను పనులు చేపట్టారు, అవి పూర్తయితే కొంత ఊపిరి ఆడుతుంది. పుకారు పార్కు మాత్రం సికింద్రాబాద్ వైపు దారిలో ఉందంటున్నారు.

అన్నీ నష్టాలే చెప్తున్నానని అనుకోకండి. పార్కే లేకపోతే రైలు బతకదు అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. జపాన్‌లో కొబయాషి ఇచిజో అనే ఆయన 1910లో ఒసాకా నుంచి తకరజుక అనే పల్లె దాకా రైలు వేశాడు. చివర్లో పొలాలు, నాలుగిళ్లు, ఎక్కేవాడు లేడు. అందుకని 1911లో అక్కడ వేడినీళ్ల స్నానాల కేంద్రం పెట్టాడు, ఈత కొలను కట్టాడు. కొలను నడవలేదు. దాని మీద పలకలు పరిపించి స్టేజీ చేసి 1914లో అమ్మాయిలతో పాటల నాటకాలు ఆడించాడు. అది నూరేళ్లు దాటినా ఇప్పటికీ నడుస్తోంది, రైలు కంపెనీదే. ఆయనకు ఖాళీ సీట్లు ఉన్నాయి, వాటిని నింపడానికి వినోదం పుట్టించాడు. మన దగ్గర సీట్లే లేవు, వినోదం మాత్రం పుట్టిస్తామంటున్నారు.

మన దేశంలోనే గుజరాత్ చూడొచ్చు. పటేల్ విగ్రహం 2018 అక్టోబర్ 31న తెరిచారు. కేవడియా స్టేషన్ 2021 జనవరి 17న, ఒకే రోజు ఎనిమిది రైళ్లతో మొదలైంది. పాత నారో గేజ్ లైనును మార్చి, పొడిగించి అక్కడిదాకా తెచ్చారు. రెండేళ్ల పైచిలుకు ఆలస్యమే, అయినా రైలు వచ్చింది, అదీ ఎవరి దారికీ అడ్డం రాని చివరి స్టేషన్. హైదరాబాద్‌లో చూస్తే రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది, వండర్‌లా 2016లో వచ్చింది, రెండింటికీ రైల్లో పోయి గేటు ముందు దిగే వీలు లేదు. మా ఆఫీసులో స్కూలు పిల్లల టూర్ల సంగతి వస్తే అంతా బస్సు కిరాయి లెక్కలే. ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ కథ అయితే మరీ విడ్డూరం. దానికి సొంత స్టేషనే ఉండేది, 1965లో ఆ లైను మూసేశారు. 1980లో అది పెద్ద థీమ్ పార్కు అయింది. లైను మూసేసిన పదిహేనేళ్లకు జనం వచ్చారు, ఇక ఆ ఇరుకు పల్లె రోడ్ల మీద కార్లే కార్లు.

ఈ వెతుకులాటలో నాకు ఎక్కడా సరిగ్గా కనబడనిది ఒకటుంది. పార్కులో పనిచేసేవాళ్లు. బెడ్‌ఫర్డ్‌లో పార్కు నడిచేటప్పుడు 8 వేల మందికి పని దొరుకుతుందంటున్నారు. చూడటానికి వచ్చేవాడు ఏడాదికోసారి వస్తాడు, వీళ్లు రోజూ రావాలి, జనం కన్నా రెండు గంటల ముందు, జనం పోయాక గంట తర్వాత. మన దగ్గర అలాంటిది వస్తే ఊడ్చేవాళ్లు, టికెట్లు చింపేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు జమ్మికుంట, ఘన్‌పూర్, రఘునాథపల్లి నుంచే వస్తారు. రాత్రి పదకొండింటికి డ్యూటీ దిగిన అమ్మాయి ఇంటికి ఏ బండిలో పోవాలి? రాత్రిపూట మన లైన్లో పోయేవన్నీ దూరం బండ్లు, చిన్న స్టేషన్ల వైపు తలతిప్పి కూడా చూడవు. నా ఆఫీసు ఆరింటికి అయిపోతుంది కాబట్టి సరిపోయింది, ఏడున్నర అయిన రోజుల్లో నాకు ఎంత టెన్షనో నాకు తెలుసు. చివరి బండి ఎన్నింటికి అన్నది టూరిస్టు కన్నా ఆ అమ్మాయికి ముఖ్యం.

ఇంత చదివాక పోయిన ఆదివారం ఒక పని చేశాను. వాట్సాప్ మెసేజ్ కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి, మామను పక్కన కూర్చోబెట్టుకుని. ఎత్తినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. గజం రేటు చెప్పాడు, ఈఎంఐ చెప్పాడు, పార్కు రావడం వంద శాతం ఖాయమన్నాడు, వెంచర్ నుంచి రైల్వే స్టేషన్‌కు ఐదే నిమిషాలన్నాడు.

"ఆ స్టేషన్లో ఇప్పుడు ఏ బండ్లు ఆగుతాయండీ?" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. "ఇప్పుడు ప్యాసింజర్ ఆగుతుంది మేడం. పార్కు వచ్చినంక అన్నీ ఆగుతాయి."

"రాత్రి పదకొండు తర్వాత?"

"మేడం, మీకు కారు లేదా?"

ఫోన్ పెట్టేశాక మామ చాలాసేపు నవ్వాడు, దగ్గు వచ్చేదాకా. "అన్నీ ఆపుతడట" అని, మళ్లీ నవ్వాడు. తర్వాత లేచి, రేపు పొద్దున నా బండి ఎన్ని నిమిషాలు లేటో ఫోన్‌లో చూసి పెట్టమన్నాడు, తను కూడా జనగామ దాకా వస్తాడట, పాత దోస్తు ఒకాయనకు ఈ ముచ్చట చెప్పాలట.